కొనువాని మధ్యవర్తి, అమ్మువాని సొమ్ము



నెల్లూరు నుండి మైపాడు పోవు దారిలో గాని, ముత్తుకూరు వైపున గాని కొంచెము నిదానముగా పోవువారికి, ప్రహరీగోడలమీద ఎర్రరంగుతోనో నీలిరంగుతోనో వ్రాసిన ప్రకటన యొకటి అచ్చటచ్చట కనబడుచుండును. "ఈ ఇల్లు అమ్మబడును. బ్రోకర్లు రావద్దు" అని రెండు వాక్యములు, వాని క్రింద ఒక ఫోన్ నంబరు. ఆ రెండవ వాక్యమును వ్రాయించిన గృహస్థుని అభిప్రాయము విశదమే. తన యింటిని తానే చూపించుకొనగలడు, తన ధరను తానే చెప్పుకొనగలడు. నడుమ నొకనికి నూటికి ఒకటో రెండో ఏల ఇయ్యవలెనని అతని ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కాని గోడమీది రంగు ఆరకముందే ఆ గుమ్మమునకు వచ్చు మొదటి మనిషి తరచుగా కొనువాడు కాడు, కొనువాని పక్షమున వచ్చిన మధ్యవర్తి. "నేను మీ బ్రోకర్ని కాదు అయ్యవారూ, పార్టీ నాది" అని అతడు అరుగుమీద కూర్చుండును. యజమాని మధ్యవర్తిని కుదుర్చుకొనలేదు. అయినను మధ్యవర్తి వచ్చినాడు, బేరము కుదిరినది, రిజిస్ట్రేషను నాడు అతడు చేయి చాచినాడు. ఆ చేతిలో ఏమైనను పెట్టవలసిన బాధ్యత ఇంటి యజమానికి కలదా, కలిగినచో ఎంత, ఎప్పుడు, ఏ యేర్పాటు మీద అనునదియే నేటి ప్రసంగమునకు విషయము.

మన జిల్లాలో ఇంటిస్థలమును గజములలో చెప్పువారికంటె అంకణములలో చెప్పువారే ఎక్కువ. మనకు అంకణమనగా 8 చదరపు గజములు, అనగా 72 చదరపు అడుగులు. తిరుపతి ప్రాంతమున అంకణము ఇందులో సగమే, 36 చదరపు అడుగులు. అటునుండి వచ్చి ఇచ్చట ఇల్లు కొనదలచినవాడు ధర విన్న తొలిక్షణముననే తబ్బిబ్బగుటకు ఇదియొక్కటి చాలును. అట్టివానికి స్థానిక వ్యవహారము తెలిసినవాడొకడు తోడుండుట అవసరమే గాని అపచారము కాదు. అందుచేత మధ్యవర్తులను గూర్చి నేడు నేను చెప్పబోవు మాటలను ఆ వృత్తిమీద ద్వేషముగా భావింపవలదని ముందుగా మనవి చేయుచున్నాను. సర్వేనంబరు చెప్పిన తోడనే దాని పూర్వాపరములు చెప్పగలవారు, లింకు దస్తావేజులను ఒక్కొక్కటిగా తెప్పించి ముప్పది సంవత్సరముల ఇ.సి.తో (ఆస్తిమీది లావాదేవీల ధ్రువపత్రముతో) సరిపోల్చువారు, వారసులలో చెన్నపట్టణమున నొకడును బెంగుళూరున నొకడును ఉన్నచో ఇద్దరిని ఒకే దినమున సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు రప్పింపగలవారు, ఆ వృత్తిలో నేటికిని కలరు. వారి శ్రమకు వెల యున్నది. ఆ వెలను ఎగగొట్టువాడు పెద్దమనిషి కాడు.

అయితే ఈ తీరమున భూమి వెల పెరిగిన విధము సామాన్యమైనది కాదు. 1990వ దశకమున రొయ్యల గుంటలు వచ్చి, అంతవరకు గడ్డి మొలవని చవుడుపర్రలకు కూడ గిరాకి తెచ్చినవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమండలములోని గుంటలను తొలగింపుమని తీర్పు చెప్పినప్పుడు ఆ గిరాకి ఒక్కసారిగా సందేహమున పడినది. 2008లో కృష్ణపట్నము ఓడరేవు పని నారంభించిన పిమ్మట ముత్తుకూరు చుట్టుపట్ల మరల కదలిక వచ్చినది. ఇప్పుడు రామాయపట్నము వైపున ఓడరేవు పనులు సాగుచుండగా కావలికి ఆవల గ్రామములలో అదియే కదలిక కానవచ్చుచున్నది. ధర స్థిరముగా నున్న కాలమున మధ్యవర్తి సంపాదన కమీషనుకు లోబడి యుండును. ధర నెల నెలకు మారు కాలమున, అమ్మువానికి తెలిసిన ధరకును కొనువానికి తెలిసిన ధరకును నడుమ ఒక ఖాళీ యేర్పడును. మధ్యవర్తి కన్ను కమీషనును విడిచి ఆ ఖాళీమీదికి పోవును. మన జిల్లాలో జరుగుచున్న అన్యాయములలో ముఖ్యమైనది అచ్చట పుట్టుచున్నది.

ఉదాహరణకు, ఇందుకూరుపేట వైపున 30 అంకణముల స్థలములో పాతమిద్దె గల విశ్రాంత ఉపాధ్యాయు డొకడు ఉన్నాడనుకొందము. పిల్లలు దూరదేశమున నున్నారు. భార్యాభర్తలకు అంత యిల్లు అక్కరలేదు. గోడమీద ప్రకటన వ్రాయించినాడు. వచ్చిన మధ్యవర్తి ఇల్లంతయు తిరిగి చూచి, పెరటిలోని కొబ్బరిచెట్లు లెక్కపెట్టి, దస్తావేజు నకలు మడతలు విప్పి చదివి, మంచినీళ్ళు త్రాగి, గొంతు తగ్గించి ఇట్లనును.

"మీ చేతికి యాభై నాలుగు లక్షలు నికరంగా పెడతా అయ్యవారూ. ఆ పైన నేనేం తెచ్చుకున్నా అది నాది. మీకు కమీషన్ లేదు, ఖర్చు లేదు, తిరుగుడు లేదు."

"మరి ఆ పార్టీ ఎంతిస్తానన్నాడు నాయనా?"

"అది మీకెందుకయ్యా? మీ లెక్క మీకొస్తుంది గదా."

ఉపాధ్యాయునకు ఇది ఔదార్యముగనే తోచును. కమీషను లేదన్నాడు గదా! కాని కొనువాడు అంకణము 2 లక్షల చొప్పున 60 లక్షలకు ఒప్పుకొనియున్నాడు. ఆ పక్షమునుండి నూటికి రెండు చొప్పున 1,20,000 రూపాయలు కమీషను పుచ్చుకొనుటకును మధ్యవర్తి అదివరకే కుదుర్చుకొని యున్నాడు. ఇటు 6 లక్షలు, అటు 1,20,000. అమ్మువాడు తాను మధ్యవర్తికి పైసా ఇయ్యలేదని తలంచుచున్నాడు. వాస్తవమున తన యింటి వెలలో పదవ వంతు ఇచ్చినాడు. కొనువాడు తనకొక ఆప్తుడు బేరమాడి ధర తగ్గించినాడని నమ్ముచున్నాడు. ధర ఎంత పెరిగినచో అంత లాభము పొందువానిని అతడు తన పక్షమున నిలుపుకొన్నాడు. ఇరువురిలో నెవ్వరికిని ఎదుటివాడు చెప్పిన మాట స్వయముగా వినబడలేదు.

దీనిని గూర్చి శాసనము మౌనముగా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములో ఇతరుల తరఫున పని చేయువారిని గూర్చి ప్రత్యేకాధ్యాయము కలదు. ఎవని తరఫున పని చేయుచున్నాడో వానికి తెలియకుండ తన స్వలాభమునకై వ్యవహారము నడపినచో, ఆ లాభమును యజమాని అడిగి పుచ్చుకొనవచ్చునని 216వ సెక్షను చెప్పుచున్నది. లెక్క చెప్పుట అతని విధియని 213 చెప్పుచున్నది. ప్రత్యేకమైన ఒప్పందము లేనప్పుడు, ఒప్పుకొన్న పని పూర్తియగువరకు ప్రతిఫలము చెల్లవలసినది కాదని 219 చెప్పుచున్నది. దుష్ప్రవర్తన చేసిన పని భాగమునకు ప్రతిఫలమే లేదని 220 చెప్పుచున్నది. గుర్రపుబండ్ల కాలమున వ్రాయబడిన ఈ నాలుగు సూత్రములు నేడు కూడ మన వీథిలోని వ్యవహారమునకు చక్కగా సరిపోవుచున్నవి.

కాని వీనిని తప్పించుకొనుటకు వాడుకలో నొక ఉపాయము కలదు. మధ్యవర్తి యజమానికి లక్షయో రెండు లక్షలో బయానా యిచ్చి, తన పేరనే అగ్రిమెంటు వ్రాయించుకొనును. అందులో "తమకు గాని, తాము కోరిన వారికి గాని రిజిస్టరు చేయించి యివ్వగలవాడను" అను మాట యుండును. పిమ్మట మూడు మాసముల గడువులో ఎక్కువ ధరకు మరియొకనిని తెచ్చి, వాని పేరనే యజమానిచేత నేరుగా దస్తావేజు వ్రాయించును. ఇట్లు చేసినవాడు ఏజెంటు కాడు, కొనుగోలుదారు. పెరిగిన ధర తనది, తరిగినచో నష్టము తనది అని నిజముగా నిలబడువానిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు, అది వ్యాపారము. అయితే అట్టివాడు మరల "మధ్యవర్తిని గదా" అని యజమానిని కమీషను అడుగరాదు, కొనువానిని అంతకంటె అడుగరాదు. కొనుగోలుదారుగా లాభమును, మధ్యవర్తిగా కూలిని, ఒకే బేరములో రెండు చేతులతో తీసికొనుటకు ధర్మము లేదు. అగ్రిమెంటులోని ఆ యొక్క మాటను యజమాని సంతకమునకు ముందే చదివి, తాను ఎవరికి అమ్ముచున్నాడో నిర్ధారణ చేసికొనవలయును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఏ మాయయు లేని మధ్యవర్తియే వచ్చినాడు, ధర దాచలేదు, కొనువానిని ఎదురుగా కూర్చుండబెట్టి మాట్లాడించినాడు. చివరకు "ఇద్దరూ చెరొక శాతం ఇవ్వాలి సార్, ఆనవాయితీ" అన్నాడు. ఇరుపక్షములును ఇచ్చు వాడుక మన ప్రాంతమున నున్న మాట నిజమే. కాని ఆనవాయితీ అనునది ఇరువురును మధ్యవర్తిని కోరి పిలిచినప్పటి మాట. గోడమీద రావద్దని వ్రాసినవానికి ఆ ఆనవాయితీ అంటదు. కొనువాడు కుదుర్చుకొన్న మనిషికి కొనువాడే ఇయ్యవలెను. నా అభిప్రాయము ఇందులో నిస్సంశయము.

ఇందుకు లౌకికులు ఒక ఆక్షేపణ చెప్పుదురు, దానిలో బలమున్నది. యజమాని ఏమియు ఇయ్యడని తెలిసినచో మధ్యవర్తి తన పార్టీని ఆ గుమ్మమునకే తీసికొనిరాడు, "ఆ ఇంటికి వాస్తు లేదు, దస్తావేజులో చిక్కుంది" అని మరియొక యింటికి నడిపించును. ఒక శాతమునకు వెనుదీసి యజమాని ఆరు మాసములు ఇంటిని ఖాళీగా పెట్టుకొనవలసి వచ్చునని వారి వాదము. వాస్తవమే. దీనికి నాకు తోచిన సమాధానము ఇది. ఇయ్యదలచిన ఆ శాతమును మధ్యవర్తి చేతిలో పెట్టక, కొనువానికి ధరలోనే తగ్గించి యిచ్చి, "మీ మనిషికి మీరే ఇచ్చుకొనుడు" అని అందరి యెదుట చెప్పవచ్చును. 60 లక్షలలో 60 వేలు తగ్గించినను, 60 వేలు మధ్యవర్తికి ఇచ్చినను యజమానికి మిగులునది ఒక్కటే. కాని రెండవ పద్ధతిలో కొనువాని మనిషి అమ్మువాని జీతగాడగుచున్నాడు. మొదటి పద్ధతిలో ఎవని మనిషి వానికే మిగులుచున్నాడు. ఈ భేదము చిన్నదిగా కనబడవచ్చును. కొనువాని పక్షమున నిజము చెప్పవలసిన నోటికి అమ్మువాడు జీతమిచ్చుట ఎట్టిదో ఆలోచించినవారికి చిన్నది కాదు.

ఈ భేదము కొరకే అమెరికాలో ఒక పెద్ద వ్యాజ్యము నడచినది. మన జిల్లానుండి వెళ్ళి టెక్సాసులోను న్యూజెర్సీలోను ఇండ్లు కొనుక్కొన్న కుటుంబములకు ఈ సంగతి పరిచితమే. అచ్చట చిరకాలముగా ఉన్న వాడుక ప్రకారము అమ్మువాడు నూటికి 5, 6 వంతుల కమీషను ఇచ్చుచుండెను. దానిని అతని ఏజెంటును కొనువాని ఏజెంటును చెరిసగముగా పంచుకొనుచుండిరి. తన ఏజెంటును వదలుకొని తానే అమ్ముకొనువాడు సైతము, కొనువాని ఏజెంటుకు రెండున్నరయో మూడో ఇయ్యనిచో ఎవరును కొనువారిని తీసికొనిరారను భయముతో ఇచ్చుచుండెను. ఎదిరిపక్షపు మనిషికి తామేల జీతమీయవలెనని మిస్సోరీ రాష్ట్రమున ఇండ్లు అమ్మినవారు కోర్టు కెక్కిరి. 2023 అక్టోబరు 31న కాన్సాస్ సిటీలోని జ్యూరీ వారి పక్షమున తీర్పు చెప్పి, సుమారు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారమును నిర్ణయించినది. మరుసటి సంవత్సరము మార్చిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ అను ఏజెంట్ల సంఘము 41 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని రాజీపడినది. 2024 ఆగస్టు 17 నుండి అచ్చట రెండు మార్పులు వచ్చినవి. ఏజెంట్ల ఉమ్మడి జాబితాలలో కొనువాని ఏజెంటుకు ఇంత ఇత్తుమని ప్రకటించుట నిషిద్ధమైనది. కొనువాడు ఇల్లు చూచుటకు అడుగుపెట్టకముందే తన ఏజెంటుతో, అతని ప్రతిఫలమెంతయో తేటతెల్లముగా వ్రాసికొనవలసి వచ్చినది. అమ్మువాడు ఇష్టమైనచో నేటికిని ఇయ్యవచ్చును. దానిని బేరములో బహిరంగముగా మాట్లాడుకొనవలెను. ఆ దేశపు కమీషను మనకు లేదు, ఆ జాబితాలును మనకు లేవు. కాని ఇల్లు చూపక ముందే వ్రాసికొనుడను ఆ నియమము మాత్రము మైపాడు దారికి కూడ పనికివచ్చును.

ముందే అనుమాట మీద నేను పట్టుపట్టుటకు కారణము కలదు. బేరము కుదిరి, బయానా ముట్టి, కొనువాడు బ్యాంకు అప్పుకు దరఖాస్తు పెట్టుకొన్న తరువాత కమీషను మాట యెత్తినచో, అప్పటికి మధ్యవర్తి బలవంతుడు, యజమాని బలహీనుడు. "పార్టీ మనసు మార్చుకుంటున్నాడు అయ్యవారూ" అను ఒక్క మాటతో ముసలివారికి నిద్ర పట్టకుండ చేయగలడు. గేటు తీయకముందు యజమాని చెప్పిన మాటకు ఆ ప్రమాదము లేదు.

మన దేశమున 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము మధ్యవర్తులకు రిజిస్ట్రేషనును విధించినది. కాని అది, ఆ చట్టము క్రింద నమోదు కావలసిన లేఅవుట్లలో, అపార్టుమెంటులలో స్థలములను, ఫ్లాట్లను అమ్మించువారికి మాత్రమే. ఆ చట్టమును అమలుపరచు సంస్థయైన ఆంధ్రప్రదేశ్ రెరాలో నమోదు లేకుండ అట్టి ప్రాజెక్టు స్థలములను అమ్మజూపువాడు దినమునకు 10,000 రూపాయల చొప్పున జరిమానాకు పాత్రుడు. ఒక గృహస్థుడు తన పాతయింటిని మరియొక గృహస్థునకు అమ్ముకొనుచోట ఆ చట్టము ప్రవేశింపదు. అందుచేత మన కథలోని మధ్యవర్తికి లైసెన్సు లేదు, నంబరు లేదు, ఫిర్యాదు చేయుటకు కార్యాలయము లేదు. 1872 నాటి చట్టమును, చేతిలోని కాగితమును తప్ప యజమానికి వేరు రక్ష లేదు.

పన్నుల మాట కూడ ఇచ్చట చెప్పక తప్పదు. 2013 జూన్ నుండి, 50 లక్షలు గాని అంతకు మించి గాని వెలగల స్థిరాస్తిని కొనువాడు నూటికి ఒక రూపాయి అమ్మువాని పేర పన్నుగా మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలెను. మన ఉపాధ్యాయుని దస్తావేజులో 60 లక్షలని వ్రాసినచో 60,000 రూపాయలు అతని పేర కట్టబడును. మూలధన లాభమును లెక్కించుటయు 60 లక్షల మీదనే జరుగును. చేతికి వచ్చినది 54. అమ్మకమునకై చేసిన న్యాయమైన ఖర్చును లాభములోనుండి తీసివేయనిత్తురు గాని, 6 లక్షలు పుచ్చుకొన్న మధ్యవర్తి రసీదు ఇచ్చునా? పోనీ, దస్తావేజులో 54 లక్షలే వ్రాసిరందమా, మిగిలిన 6 లక్షలు లెక్కలేని నగదుగా చేతులు మారినవన్న మాట. 2015 జూన్ నుండి స్థిరాస్తి బేరములో 20,000 గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట నిషిద్ధము; పుచ్చుకొన్నవానికి, పుచ్చుకొన్నంత సొమ్మే జరిమానా. నగదు బయానా పుచ్చుకొనుడని తొందరపెట్టువారు ఈ సంగతి చెప్పరు. విదేశమున స్థిరపడిన కుమారుడు తండ్రి యింటిని అమ్మునప్పుడు ఒక శాతపు లెక్క వర్తింపదు. కొనువాడు అంతకు చాల ఎక్కువ పన్నును మినహాయింపవలసి యుండును. అట్టివారు ఆడిటరును సంప్రదింపక అగ్రిమెంటు వ్రాయరాదు.

స్టాంపు సుంకము, ట్రాన్స్‌ఫర్ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి మన రాష్ట్రమున నూటికి ఏడున్నర. వేరు ఒప్పందము లేనప్పుడు స్టాంపు ఖర్చు కొనువానిదే. 60 లక్షలకు 4,50,000 రూపాయలు కట్టవలసిన కొనువాడు తన మధ్యవర్తి కమీషనును కూడ మనసులో కలుపుకొనియే ధర చెప్పును. కమీషను ఎవరి చేతిమీదుగా పోయినను ఇంటి వెలలోనుండియే పోవుచున్నది. అందుచేతనే అది ఎంతయో తెలిసికొను హక్కు ఇరువురికిని కలదనుచున్నాను.

మధ్యవర్తి వద్దన్న యజమాని, మధ్యవర్తి చేయవలసిన పనిని తాను చేయవలయును. ఇది పలువురు మరచు సంగతి. ఆస్తిలో గాని హక్కులో గాని కొనువాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టజాలని లోపము తనకు తెలిసియున్నచో చెప్పుట, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము అమ్మువాని విధి. మన తీరమున ఇది చిన్న విషయము కాదు. స్థలము ప్రభుత్వము పేదలకిచ్చిన డి.కె.టి. పట్టాయైనచో 1977 నాటి చట్టము ప్రకారము దాని అమ్మకమునకు కట్టుబాట్లున్నవి. నిషిద్ధ భూముల జాబితాలో ఉన్న సర్వేనంబరును సబ్ రిజిస్ట్రారు రిజిస్టరే చేయడు. సముద్రపు పోటుగీత నుండి 500 మీటర్ల లోపల నున్న స్థలమునకు తీరప్రాంత నిబంధనలు వర్తించును. 1991లో వచ్చి 2011లోను, 2019లోను మారిన ఆ నిబంధనలలో తన స్థలము ఏ వర్గమున పడుచున్నదో యజమాని కనుగొని చెప్పవలెను. సముద్రము కనబడునని చెప్పి స్థలమును అమ్మజూపువారు చాలమంది కలరు; సముద్రము కనబడుచోట ఇల్లు కట్టనిత్తురా యని అడుగుట కొనువానికే విడిచిపెట్టుచున్నారు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున అమ్మినవాడును కొన్నవాడును వ్రేలిముద్రలు వేయుదురు, ఛాయాచిత్రములు అంటింపబడును, సాక్షులు సంతకము చేయుదురు. ఆ సాక్షులలో ఒకడు తరచుగా మధ్యవర్తియే. అతని పేరు, తండ్రి పేరు, ఊరు దస్తావేజులో చిరకాలము నిలుచును. అతడు ఎంత పుచ్చుకొన్నాడో, ఎవరివద్ద పుచ్చుకొన్నాడో ఆ దస్తావేజులో ఎచ్చటను కానరాదు. ప్రభుత్వము ఒక గడిని చేర్చి దీనిని వ్రాయించినచో మిక్కిలి మేలగును. అందాక మనము మన అగ్రిమెంటులలో వ్రాసికొనుటకు అడ్డు లేదు. అగ్రిమెంటు వ్రాయు లేఖరికి ఈ మాటలు చెప్పుడు:

"ఈ ఇంటి విక్రయములో ఫలానా వారు కొనుగోలుదారు పక్షమున మధ్యవర్తిగా నున్నారు. వారి ప్రతిఫలము ఇన్ని రూపాయలు. దానిని చెల్లించువారు ఫలానా వారు. రిజిస్ట్రేషను జరిగిన దినమున బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు పొందుదురు. రిజిస్ట్రేషను జరగనిచో ఈ ప్రతిఫలము క్రింద ఎవరును ఏమియు బాకీ లేరు. ఇది గాక మరి యే పక్షము నుండియు ఈ మధ్యవర్తి ఏ సొమ్మును పుచ్చుకొనలేదు, పుచ్చుకొనబోరు."

దీని క్రింద అమ్మువాడు, కొనువాడు, మధ్యవర్తి మువ్వురును సంతకములు చేసి, తేదీ వేసి, తలకొక ప్రతి ఉంచుకొనవలెను. బయానా పుచ్చుకొనుటకు పూర్వమే ఇది జరుగవలెను. బయానా చేతిలో పడిన మరునాడు ఈ సంతకము అడిగినచో మువ్వురిలో ఒకరికైనను తీరిక దొరకదు.